పదకొండేళ్ల దారం

నర్సీపట్నం,
15-6-2025, ఆదివారం.

పూజ్యులైన వర్ధనమ్మ పిన్నికి,

కళావతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ షాపులో నలుగురమూ, మా నలుగురి నలభై వేళ్లూ ఈ పూటకి క్షేమం. పురుడు పొయ్యడానికి రావికమతం వెళ్లిన మీరూ, నెలలు నిండిన మీ అమ్మాయి బేబీ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బేబీని ఎక్కువసేపు నిలబడి పనులు చేయొద్దని నా మాటగా చెప్పండి.

ఎనిమిదేళ్లుగా మిమ్మల్ని ఒక మాట అడగాలని ఉంది పిన్నీ. బాబాయి కుడిచేతి మణికట్టుకి ఆ ఎర్రదారం కట్టినప్పుడు మీరు లోవ గుడిలో తల్లిని ఏం కోరుకున్నారు?

ఫోను చేసి అడగొచ్చు కదా అంటారు. మీ ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. కిందటి నెల బేబీ స్కానింగు సంగతి అడిగితే మీకంటే ముందు పక్కింటావిడ జవాబు చెప్పారు. ఇది అలా నలుగురిలో అడిగే మాట కాదు. పైగా ఫోనులో నేను సగం మాట అనేసి మిగతా సగం వెనక్కి తీసుకుంటానని మీకు తెలుసు. కాగితం మీదైతే కొట్టివేతలు కనపడిపోతాయి, అంచేత కొంచెం తిన్నగా ఉంటాను.

మొదటినుంచి చెబుతాను. మే నెలాఖరున విశాఖపట్నంలో మాలాంటి చిన్న వర్క్‌షాపుల వాళ్లని పిలిచి కరెంటు మెషీన్ల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద రెండురోజులు ట్రైనింగు ఇచ్చారు. హాస్టలు మంచాల ఆర్డరు ఇచ్చిన కాలేజీవాళ్లు ఆ సర్టిఫికెట్ ఉండాలన్నారు కాబట్టి వెళ్లాను. మనసు మారి వెళ్లానని చెప్పుకుంటే బాగుండును, కానీ అది నిజం కాదు. వెళ్లాక మాత్రం మనసు మారింది. మారుతి సారని ఒకాయన పాఠం చెప్పారు. మధ్యాహ్నం భోజనాలకి ముందు ఒక వీడియో వేశారు. తిరుగుతున్న లేత్ మెషీన్ దగ్గరికి బొమ్మ చెయ్యి ఒకటి తీసుకొస్తారు. ఆ చేతికి ఒక దారం. దారం కొస చెక్కకి తగిలింది, అంతే. రెండు రెప్పపాట్లలో దారం వెనకాలే బొమ్మ చెయ్యి భుజం దాకా చుట్టుకుపోయింది. మిగతావాళ్లు అయ్యో అని నవ్వి భోజనానికి లేచారు. నేను ఆ బొమ్మ చేతికి మనసులో బాబాయి చేతిని తొడిగేశాను. ఆ పూట అన్నం ముట్టలేదు.

తిరిగొచ్చాక మన షాపుని కొత్త కళ్లతో చూశాను. బాబాయిని మేస్త్రీగా పెట్టుకుని మా నాన్న నడిపిన చెక్కపని షాపు, ఆయన పోయాక ఎనిమిదేళ్లుగా నేను కూర్చుంటున్న షాపు. కటింగ్ మెషీన్ రంపానికి ఉండాల్సిన గార్డు ఎక్కడుందని వెతికితే గమ్ము డబ్బాకి మూతగా దొరికింది. ఆ మూత ఎంత బాగా పడుతుందంటే దాన్ని అందుకోసమే చేశారని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఎం.ఏ. ఫిలాసఫీ చదివినదాన్ని, వస్తువు అసలు ప్రయోజనం ఏమిటని ఎవరినైనా అడగగలను, మూతని తప్ప.

కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు, మాస్కులు, గ్లౌజులు నాలుగేసి జతలు కొన్నాను. తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, వేలితో పాటు లాక్కుపోతాయి అని మారుతి సారు చెప్పింది కొన్న తర్వాత గుర్తొచ్చింది. అయితే ఎందుకు కొన్నావమ్మా అని కటింగ్ మెషీన్ మీదుండే చినబాబు అడిగాడు. చెక్కలు మొయ్యడానికి అన్నాను. చెక్కలు మొయ్యడానికి వాడికి గ్లౌజులు అక్కర్లేదు, ఇంట్లో అన్నం గిన్నె దింపడానికి కావాలట, తీసుకుపోయాడు. చెవి మఫ్‌లు మాత్రం వాడికి ప్రాణం. బాబాయి కేకలు వేసేటప్పుడు తప్పనిసరిగా పెట్టుకుంటాడు, మెషీన్ తిరిగేటప్పుడు తీసేస్తాడు. పాలిష్ పెట్టే నూకరత్నం ఒక్కతే మాస్కు మొదటిరోజు నుంచీ వదల్లేదు. పాలిష్ వాసనకి కాదు. మాస్కు ఉంటే వీధిలో పెద్దత్త కనపడినా గుర్తుపట్టనట్టు వెళ్లిపోవచ్చునట.

అయినా ఒక్కొక్కటే దారికొచ్చాయి. గార్డు రంపానికి వెళ్లింది, గమ్ము డబ్బా బోర్లించిన స్టీలు పళ్లేనికి అలవాటు పడింది. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకాలంటే చినబాబు పీకడమే కాదు, ఎవరైనా పెట్టేస్తారని భయం వేసి, వైరు చంకలో ఇరికించుకుని మరీ బ్లేడు మారుస్తున్నాడు. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ నేను నవ్వలేదు. నవ్వితే మానేస్తాడు.

ఇక మిగిలింది బాబాయి.

మీరు ప్రతి ఆషాఢంలోనూ లోవ వెళ్లి కొత్త దారం తెచ్చి కడతారు. పాతది మనం తియ్యకూడదు, దానంతట అదే ఊడాలంటారు. అది ఊడదు. ఏటా ఒకటి చేరి చేరి పదకొండు దారాలు కలిసి ఇప్పుడు పశువుని కట్టే పలుపులా ఉంది. చెమటకి, జిడ్డుకి ఎరుపు పోయి నల్లబడింది. రెండు కొసలు జానెడేసి వేలాడుతుంటాయి. ఆ చేత్తోనే ఆయన నిమిషానికి వెయ్యిసార్లు తిరిగే మంచం కోడుని ఉలి ఆనించి చెక్కుతారు.

మెషీన్ దగ్గర వేలాడేది ఏదీ ఉండకూడదని రూల్సు కాగితం చదివాను. ఉంగరం, వాచీ, చున్నీ, విరబోసిన జడ. అక్కడిదాకా అందరూ తలూపారు. చేతి దారం అన్నాను. చినబాబు చెవి మఫ్‌లు పెట్టేసుకున్నాడు.

బాబాయి చేతిలో ఉలి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత నెమ్మదిగా ఇలా అన్నారు. "కళమ్మా, నీ కాగితం నీకు, నా దారం నాకు. ఈ దారం కట్టిన కాడ్నించి ఒక్క నెత్తురు బొట్టు సూడ్నేదీ సెయ్యి. దీన్ని తీసీమంటే నానే మిసను కాడ్నించి ఎల్లిపోతాను."

పోనీ భుజానికి కట్టుకోండి, మొలతాడుకి కట్టుకోండి అని బతిమాలాను. కుదరదన్నారు. ఏ చేతి గురించి మొక్కారో ఆ చేతికే ఉండాలట. నూకరత్నం కూడా నాకే ఎదురు తిరిగింది. మేస్త్రీ దారం మేస్త్రీ ఒక్కడికే కాదు, షాపులో అందరికీ పనిచేస్తుందట. అది ఉందనే ధైర్యంతోనే దాని మొగుడు దాన్ని ఇక్కడికి పనికి పంపుతున్నాడట.

మారుతి సారుకి ఫోను చేశాను. గుడి దారమైతే ఏమైనా మినహాయింపు ఉందా అని అడిగాను. మెషీన్‌కి అది గుడిదో కొట్టుదో తెలియదు మేడం అన్నారు. గట్టిగానే అన్నారు. ఫోను పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి ఏ గుడి అని అడిగారు. లోవ అన్నాను. ఆయన చేతికీ ఒకటి ఉందట, క్లాసు చెప్పేటప్పుడు వాచీ కింద దాస్తారట. మరి వాచీ కూడా పెట్టుకోకూడదు కదండీ అన్నాను. లైను కట్టయింది.

ఇక నాకు తోచింది నేను చేశాను. లేత్ మెషీన్ ఫ్యూజు పీకి నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. బాబాయి గుమ్మం బయట స్టూలు వేసుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ ఫ్యూజు పాపగారి, అంటే నా, బ్యాగులో ఉందని చెబుతూ కూర్చున్నారు. సాయంత్రానికి సగం ఊరికి తెలిసిపోయింది. కూరలకొట్టు దగ్గర ఒకావిడ, మా ఇంట్లో కరెంటు లేదు, ఆ ఫ్యూజు మాకేమైనా సరిపోతుందా అని అడిగింది. మర్నాడు తిరిగిచ్చేశాను. భయపడి కాదు. అరవై ఒక్క ఏళ్ల మనిషి పొద్దుట్నుంచి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆ చేతుల్ని చూడలేకపోయాను.

ఫ్యూజు ఇచ్చిన రెండోరోజు, గురువారం. నేను ఎదురుగానే ఉన్నాను. దారం కొస తిరుగుతున్న కోడుకి తగిలి చిటిక్కున ఎగిరింది. ఆయన ఈగని తోలినట్టు మణికట్టు ఒకసారి విదిలించి పని చేసుకుపోయారు.

ఇదీ సంగతి. నేను దేవుణ్ణి నమ్ముతానో లేదో నాకే సరిగ్గా తెలియదు. కానీ మీరు కట్టిన దారాన్ని చిన్నచూపు చూసేంత తెలివిగలదాన్ని మాత్రం కాను. అది ఆయన చెయ్యి కాపాడాలని మీరు కట్టి ఉంటే, ఇప్పుడు ఆ చేతి కోసమే దాన్ని తీసెయ్యమని మీరే చెప్పాలి. ఆయన ఇంకెవరి మాటా వినరు. మీరు ఒక్కమాట రాసి పంపండి. మీ మాట వచ్చేదాకా ఆ దారం జోలికి వెళ్లను.

బేబీకి దీవెనలు.

మీ
కళావతి


నర్సీపట్నం,
2-7-2025, బుధవారం.

పిన్నికి మళ్లీ నమస్కారాలు.

మనవరాలు పుట్టిందని విని ఇక్కడ మెషీన్లన్నీ ఆపి బూందీ పంచారు బాబాయి. మెషీన్ తిరుగుతుండగా తినకూడదని రూలు కాగితంలో ఉందని ఆయనే గుర్తుచేశారు. ఎందుకు గుర్తుచేశారో ముందు ముందు తెలుస్తుంది. బేబీ ఆరోగ్యం జాగ్రత్త. పిల్లకి పేరు అనుకున్నారా? లోవలక్ష్మి అని పెట్టాలని బాబాయి ఆశ. తను చెప్పమన్నారని మాత్రం మీతో చెప్పొద్దన్నారు.

మీరు బస్సులో పంపిన జీడిపప్పు సంచీ 24వ తేదీ మంగళవారం అందింది. పప్పు బాబాయి తీసుకున్నారు, అడుగున ఉన్న మీ చీటీ నాకు దక్కింది. అది రెండుసార్లు చదివాను. మీ మాట మీ మాటగానే ఇక్కడ రాసుకుంటున్నాను, మళ్లీ చూసుకున్నప్పుడు నేను కల్పించుకున్నానని అనిపించకుండా: "కళమ్మా, ఆ దారం మిసను కోసం కాదు. మీ బాబాయి గలాసు కోసం. తియ్యకు. తీస్తే ఏటవుద్దో నాను సెప్పలేను."

ఎనిమిదేళ్లు, పిన్నీ. ఎనిమిదేళ్లు ఆ మణికట్టుని చూస్తూ అది మెషీన్ దారమనే అనుకున్నాను. షాపులో అందరం అలాగే అనుకున్నాం. ఆయన నెత్తురు బొట్టు చూడలేదన్నారే గానీ, మెషీన్ కోసమేనని ఒక్కనాడూ అనలేదు, కాదనీ అనలేదు. నేను ఇక్కడికి వచ్చేసరికే ఆయన మానేసి మూడేళ్లయింది. నేను ఆయన తాగగా చూడలేదు. మా నాన్న బతికున్నప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి తన చేత్తో బాబాయికి టీ అందించి, మీ వీధి మలుపు దాకా కబుర్లు చెబుతూ తోడు వెళ్లేవారని అమ్మ అంటుండేది. యజమాని అయ్యుండి మేస్త్రీని దిగబెట్టడమేమిటి, నాన్న మంచితనం అనుకునేదాన్ని. దారిలో ఏ కొట్టు ఉందో ఇప్పుడు లెక్కేసుకుంటున్నాను.

ఏ చేతి గురించి మొక్కారో ఆ చేతికే ఉండాలి అని ఆయన అన్న మాటకి అర్థం అదన్నమాట. గ్లాసు పట్టేదీ కుడిచెయ్యే.

నా పరిస్థితి చూడండి. దారం ఉంటే చెయ్యి మెషీన్‌లోకి పోతుంది. దారం తీస్తే మనిషి గ్లాసులోకి పోతాడు, ఆ తర్వాత మెషీన్ దగ్గరికి వచ్చేది ఆ మనిషే. మారుతి సారు ఇచ్చిన పుస్తకంలో నలభై రెండు పేజీలున్నాయి. ఈ పేజీ లేదు.

ఇక అసలు కబురు. భయపడకండి, ఎవరికీ ఏమీ కాలేదు.

27వ తేదీ శుక్రవారం పొద్దున్న పదకొండు గంటలవేళ. నూట అరవై మంచం కోళ్లలో తొంభై రెండోది లేత్ మీద ఉంది. నేను బిల్లు పుస్తకం కోసం లేచాను. దారం కొస పట్టేసింది. చెయ్యి ఒక్క బెత్తెడు లోపలికి వెళ్లడం చూశాను, ఉలి ఎగిరి గోడకి తగలడం విన్నాను. అంతలో దారం మొత్తం ఫట్టున తెగిపోయింది. తెగి, తిరుగుతున్న కోడుకి ఎర్రటి గీతలా చుట్టుకుంది. బాబాయి వెనక్కి అడుగేసి ఎడమచేత్తో స్విచ్చి కొట్టారు. చినబాబు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకి, అలవాటుకొద్దీ చంకలో పెట్టుకున్నాడు. నూకరత్నం లోవ తల్లీ అని కేక పెట్టింది.

బాబాయి తన మణికట్టునే చూసుకుంటూ నిలబడ్డారు. పదకొండేళ్లు ఎండ తగలని చోట చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది. గీరుకైనా పోలేదు. వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. నేనూ లెక్కపెట్టాను, రెండుసార్లు.

"తల్లి తెంపీసింది," అన్నారు. "సెయ్యి నాకు ఒగ్గీసి దారం తను తీసుకుంది."

దానంతట అదే ఊడాలన్నారు కదా, ఊడింది. ఆ సాయంత్రానికి ఈ కథ బజారంతా తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్న ఎవరో రోలుగుంట నుంచి మన లేత్ మెషీన్‌ని చూడ్డానికి వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విప్పారు. వద్దండీ, లోపల మేకులుంటాయి, చెప్పులు లేకుండా రాకూడదని నేనంటుంటే, పాపగారు సెప్పింది వినండి అని బాబాయి వాళ్లని గద్దించారు.

ఆయనే పిన్నీ. ఇప్పుడు షాపులో నా కంటే ఆయనే పెద్ద ఆఫీసరు. దారమే వద్దనుకుని తల్లి తీసుకుపోతే ఇక మిగతావన్నీ ఎంత అంటారు. చినబాబు రాగి కడియం తీయించారు. అది వాడి మావగారు పెట్టింది, తియ్యనన్నాడు. మీ మావ లోవ తల్లి కంటే పెద్దోడేటిరా అన్నారు. వాడు తీసేశాడు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుంటే కళ్లు నుదుటి మీదున్నాయేటని అడుగుతున్నారు. మధ్యాహ్నం గంటకోసారి నా చున్నీ వైపు చూస్తున్నారు. నేను పిన్ను పెట్టుకుంటున్నాను.

నవ్వొచ్చింది అక్కడిదాకానే. శనివారం సాయంత్రం అయిదింటికే, పనుందని చెప్పి వెళ్లారు. నేను చూసిన ఎనిమిదేళ్లలో ఆరింటికి ముందు ఆయన వెళ్లిన రోజు లేదు. దారం ఉన్న చేతికి ఒక మొక్కు ఉంది, ఊడిన చేతికి ఏముంది? నేను స్కూటీ తీశాను. చదువుకున్న ఆడదాన్ని, పెద్దమనిషి వెనకాల దొంగలా వెళ్లడం బాగుందా అని దారి పొడుగునా నన్ను నేను అడిగాను. స్కూటీ ఆపలేదు.

మీరు అనుకున్న చోటే ఉన్నారు. బ్రాందీ కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి ఈవల సోడాబండి దగ్గర. కొట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. సోడా తాగారు. ఇంకోటి కొట్టించుకున్నారు. ఇరవై నిమిషాలు పిన్నీ, నేను మందుల షాపు బోర్డు వెనక నిలబడి చూశాను. మూడో సోడాకి నా వైపు తిరగకుండానే పిలిచారు.

"రా కళమ్మా. ఎండలో ఎంతసేపు నిలబడతావు, నువ్వూ ఒక సోడా తాగు."

వెళ్లాను. ఇక్కడేం చేస్తున్నారు బాబాయి అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు, అయినా అడిగాను. మొక్కు తీరిందో లేదో అడుగుదామని వచ్చానన్నారు. ఎవరిని అన్నాను.

"నన్నే," అన్నారు. "పదకొండేళ్లు దారం మోసిందా, నాను మోసేనా, అది తెలవాల కదా. ఇంకా సెప్పలేకపోతన్నాను. ఇంకో సోడా తాగుతాను."

నాలుగు సోడాలు తాగి ఇంటికి వెళ్లిపోయారు. ఆదివారం వెళ్లలేదు. సోమవారం వెళ్లారు, రెండు సోడాలు. నిన్న మంగళవారం ఒకటే. నేను స్కూటీ మీద వెళ్లడం ఆయనకి తెలుసు, నేనొచ్చేదాకా మొదటి సోడా కొట్టించడం లేదు.

మొక్కు తీరిపోయిందని తను అనుకోవడానికి లేదట. కట్టింది మీరు కాబట్టి తీరిందో లేదో మీరే చెప్పాలట. పురుడు వెళ్లాక మీరు వచ్చి ఆ మాట చెప్పేదాకా ఆగుతానన్నారు. కొత్తది కట్టుకోండి అని నేను అనలేను, ఆ చేత్తో లేత్ పట్టాలి. వద్దు అనీ అనలేను. మీరు రండి పిన్నీ. పిల్లని చూసుకోవడం అయ్యాకే రండి, కానీ రండి.

బేబీకి, చిన్న లోవలక్ష్మికి, అల్లుడుగారికి నా దీవెనలు. ఈ ఉత్తరం మీరు ఒంటరిగా ఉన్నప్పుడే చదవండి. మొదటే చెప్పవలసింది, చివర చెబుతున్నాను.

మీ
కళావతి

మరొక మాట: ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను, ప్రతిసారీ ఈ చివరి కాగితం దగ్గరే. కవరులో ఇంకా ఒక మడత కాగితం ఉంది, విప్పి చూడండి. అందులో ఉన్నది మీరు కట్టిన దారం. పదకొండూ ఉన్నాయి.

శుక్రవారం తెగింది మీది కాదు. మీ మాట వచ్చేదాకా ఆ దారం జోలికి వెళ్లనని జూన్ 15న మీకు రాశాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడే నా పక్కన వార్తాపత్రిక మీద ఇంకో దారం ఆరుతోంది. చెక్క మీద గీతలు కొట్టడానికి బాబాయి ఎర్రజాజులో ముంచి లాగే నూలుదారం ఉంది కదా, అందులోంచి కోసి పదకొండు పోగులు పేనాను. పాతదానిలాగే పదకొండు ముడులు వేశాను. టీ డికాక్షన్‌లో నానబెట్టి మెషీన్ నూనె రాశాను. ప్రతి పోగునీ ఒకచోట బ్లేడుతో ముప్పాతిక దాకా కోసి గమ్ముతో అతికించాను, గట్టిగా లాగితే తెగిపోయేలా. అనుమతి అడిగే ఉత్తరం, అనుమతి అక్కర్లేని పని, రెండూ ఒకే ఆదివారం ఒకే బల్ల మీద చేశాను. దేన్నయినా రెండు వైపుల నుంచీ చూడమని నాకు చదువు చెప్పినవాళ్లు దీన్ని ఏమంటారో తెలియదు.

16న మధ్యాహ్నం భోజనం అయ్యాక బాబాయి చెక్కల మీద పడుకున్నారు. నిద్రకి బాగుంటాయని చెవి మఫ్‌లు పెట్టుకున్నారు. కత్తెరతో పాతది కోశాను, కొత్తది కట్టాను. ఆయన గురక ఆగలేదు. ఎనిమిది రోజుల తర్వాత తియ్యకు అని మీ చీటీ వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఏదో కొలత చూపించే వంకన దగ్గరికి వెళ్లి ఆయన వాసన చూశాను. కొబ్బరినూనె, చుట్ట, చెక్కపొట్టు. ఇంకేమీ లేదు. మీ దారం లేకుండా ఆయన పన్నెండు రోజులు పనిచేశారు, తనకే తెలియకుండా.

లేక తెలిసే చేశారా? అక్కడే నా బుర్ర తిరుగుతోంది. పెన్సిలు ముక్క కనపడకపోతే షాపు ఎత్తి కుదిపే మనిషి. నూలుఉండ సగానికి సగం తగ్గితే ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చేటప్పుడు కొత్త ఉండ తన జేబులోంచి కొని తెచ్చుకున్నారు. నలభై ఏళ్లుగా రోజూ వేలితో లాగి వదిలే దారాన్ని తన మణికట్టు మీద ఆయన గుర్తుపట్టలేదంటే నమ్మలేను. గుర్తుపట్టారనుకుంటే, తెగిన ఆ పోగులన్నీ ఏరి, దేవుడి పటం ముందు పళ్లెంలో పెట్టి ఇప్పుడు రోజూ హారతి ఇస్తున్నారు, అదెందుకు? నూకరత్నం కళ్లకద్దుకుంటోంది. నేనూ దండం పెడుతున్నాను. నా చేత్తో గమ్ము రాసిన దారానికి దండం పెట్టేటప్పుడు నవ్వు రావాలి. రావడం లేదు, చెయ్యి ఉంది కదా అనిపిస్తోంది.

ఆయనకి నిజం చెబితే దారం దానంతట అది ఊడలేదని తెలుస్తుంది, మొక్కు తీరనట్టే, ఆ కొట్టు వైపు చూడరు. కానీ నిద్రపోతుంటే ఆయన చేతి మీద కత్తెర పెట్టిన మనిషిని ఇక ఎప్పటికీ నమ్మరు, నా రూల్సు కాగితాన్నీ నమ్మరు. చెప్పకపోతే చెయ్యి భద్రంగా ఉంటుంది, సోడాలు ఎన్నాళ్లు ఉంటాయో తెలియదు. మీకు చెప్పకుండా ఉండకూడదని మాత్రం తేల్చుకున్నాను, అందుకే ఈ కాగితం. ఆయనకి చెప్పాలా వద్దా అన్నది ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను పిన్నీ.